వీసా రిజెక్ట్ అయింది, కన్సల్టెన్సీ చెప్పినట్టు చేయనా?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆమెకు 24 ఏళ్లు. మెకానికల్‌లో బీటెక్ చేశారు. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బీటెక్ పూర్తయిన ఏడాదే అమ్మగారికి క్యాన్సర్ ఆపరేషన్ జరగడంతో, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకుని ఏడాదిన్నర ఇంట్లోనే ఉండి అమ్మను చూసుకున్నారు. ఇప్పుడు అమ్మగారు కోలుకున్నారు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా అమెరికాలో ఎంఎస్ డేటా అనలిటిక్స్‌కి అడ్మిషన్ తెచ్చుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకులో 28 లక్షల లోన్ శాంక్షన్ చేయించుకున్నారు. నాన్నగారి పేరున మరో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది.

వీసా ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోయింది. ఈ యూనివర్సిటీయే ఎందుకు, మెకానికల్ చదివి డేటా వైపు ఎందుకు అని అడిగితే కన్సల్టెన్సీ వాళ్లు బట్టీ పట్టించిన జవాబులు అప్పజెప్పారు. బీటెక్ తర్వాత ఏం చేశారని అడిగేసరికి తడబడి 'ఇంట్లోనే ఉన్నాను' అని ఊరుకున్నారు. 214(బి) సెక్షన్ కింద వీసా నిరాకరిస్తున్నట్టు ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు.

ఇప్పుడు కన్సల్టెన్సీ మూడు సలహాలిస్తోంది. లక్షా పాతికవేలు కడితే నాన్నగారి ఖాతాలో 25 లక్షలు నెల రోజులు ఉంచుతారట. ఏడాదిన్నరకీ ఒక కంపెనీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తారట. డాలస్‌లో ఉన్న బాబాయి సంగతి ఎత్తొద్దంటున్నారు. నిజానికి మొదటి దరఖాస్తులోనే అమెరికాలో బంధువులెవరూ లేరని వాళ్లే నింపేశారు, ఆ సంగతి ఈమె ఇంటర్వ్యూ అయ్యాక చూసుకున్నారు. రెండో ఏడాది ఫీజుకు సాయం చేస్తానని మాటిచ్చింది ఆ బాబాయే. నాన్నగారేమో 'అందరూ ఇలాగే వెళ్తున్నారు కదమ్మా, నీకొక్కదానికే భయమెందుకు' అంటున్నారు. పెదనాన్న కొడుకుకి వీసా వచ్చి టికెట్ కూడా బుక్ అయింది. ఆగస్టులో క్లాసులు మొదలు. 'ఇది తప్పని తెలుసు. కానీ ఈ ఒక్కసారికి చేస్తే నిజంగా ఏమవుతుంది? చేయకపోతే నాకున్న దారేమిటి?' అని అడిగారు.

మీరు రెండు ప్రశ్నలూ సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను. ముందు, మీ చేతికిచ్చిన ఆ కాగితం సంగతి. మీరు దాన్ని మీ మీద పడిన మచ్చలా చూస్తున్నారు. అది మచ్చ కాదు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం 1952 నాటిది. అందులో 214(బి) ప్రకారం, విద్యార్థి వీసాకు వచ్చిన ప్రతి ఒక్కరినీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్న మనిషిగానే ముందు లెక్కేస్తారు. కాదని నమ్మించాల్సిన బాధ్యత దరఖాస్తు చేసినవాళ్లది. మీ మాటలు, మీ కాగితాలు ఆ రోజు ఆ అధికారికి ఆ నమ్మకం కలిగించలేదు, అంతే. దీనిమీద అప్పీలు ఉండదు. కానీ మళ్లీ దరఖాస్తు చేసుకోకుండా ఎవరూ ఆపరు. మొదటిసారి పోయి రెండోసారి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

అదే చట్టంలో 212 అని ఇంకో సెక్షన్ ఉంది. ముఖ్యమైన విషయంలో తెలిసీ అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోవాలని చూసినవాళ్లకు అది వర్తిస్తుంది. దానికి గడువు లేదు, జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత టూరిస్టుగా వెళ్లాలన్నా, రేపు పెళ్లయ్యి భర్త అక్కడుంటే ఆయన దగ్గరికి వెళ్లాలన్నా ముందు మినహాయింపు అడుక్కోవాలి. ఇస్తారన్న భరోసా ఉండదు. ప్రస్తుతం మీ చేతిలో ఉన్నది మొదటి రకం. కన్సల్టెన్సీ చూపిస్తున్న దారి రెండోదానికి తీసుకెళ్లొచ్చు.

ఇక వాళ్ల మూడు సలహాలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్స్‌పీరియన్స్ లెటర్ విషయంలో నాకు ఆశ్చర్యమేమిటంటే, అది అబద్ధంగా కూడా నిలబడదు. మీ మొదటి డీఎస్-160లో, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారంలో, ఉద్యోగం లేదని ఉంది. ఇంటర్వ్యూలో మీ నోటితో మీరే ఇంట్లో ఉన్నానన్నారు. ఆ అధికారి రాసుకున్న నోట్స్ రెండోసారి కూర్చునే అధికారికి స్క్రీన్ మీద కనిపిస్తాయి. అప్పుడు లేని ఉద్యోగం నెల తిరిగేలోపు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మీరేం చెబుతారు? ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? లెటర్ ఇప్పించినవాళ్లు ఆ ఇంటర్వ్యూ కిటికీ ముందు ఉండరు, మీరుంటారు.

అసలు ఆ ఏడాదిన్నరను ఎందుకు దాచాలో నాకర్థం కాలేదు. అమ్మకు క్యాన్సర్ వస్తే కూతురు ఉద్యోగం వదులుకుని దగ్గరుండి చూసుకుంది. సిగ్గుపడాల్సింది ఇందులో ఏముంది? 'మా అమ్మకు ఆపరేషన్ జరిగింది, ట్రీట్‌మెంట్ అయ్యేదాకా నేనే చూసుకున్నాను, ఇప్పుడు ఆవిడ బాగున్నారు, అందుకే ఇప్పుడు చదువుకు వెళ్తున్నాను' అని చెబితే చాలు. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ ఫైల్లో పెట్టుకోండి. వీసా అధికారులు కాగితాలు చూడటం తక్కువే, అడిగితే మాత్రం చేతిలో ఉండాలి. ఆ రోజు 'ఇంట్లోనే ఉన్నాను' అన్నది అబద్ధం కాదు, సగం మాట. మిగతా సగం చెప్పొద్దని మీకు నేర్పింది కన్సల్టెన్సీ వాళ్లే.

బాబాయి సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. డీఎస్-160లో ఈ ప్రశ్న రెండు మెట్లుగా వస్తుంది. మొదట, మీకు భర్త, పిల్లలు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు అమెరికాలో ఉన్నారా అని అడుగుతుంది. దానికి లేదంటే నిజమే. తర్వాత, ఇతర బంధువులెవరైనా ఉన్నారా అని అడుగుతుంది. దానికి మీ జవాబు అవును అని ఉండాలి. వాళ్లు కాదని నింపారు. ఫారం ఎవరు నింపినా, చివర్లో ఎలక్ట్రానిక్ సంతకం మీ పేరుమీదే పడుతుంది. ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని కూడా అందులో ఒక ప్రశ్న ఉంటుంది. దానికి వాళ్లేం టిక్ పెట్టారో ఒకసారి చూసుకోండి.

కొత్త ఫారంలో దీన్ని సరిచేయండి. ఇంటర్వ్యూలో అడిగితే, 'మొదటి ఫారం కన్సల్టెన్సీ వాళ్లు నింపారు, నేను సరిగ్గా చూసుకోకుండా సంతకం చేశాను, ఈసారి నేనే నింపాను' అని ఉన్నదున్నట్టు చెప్పండి. అందువల్ల ఇబ్బంది ఉండనే ఉండదని నేను హామీ ఇవ్వలేను, ఒకటి రెండు ప్రశ్నలు ఎక్కువ రావచ్చు. మీకు గుబులుగా ఉంటే దరఖాస్తుకు ముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో గంటసేపు మాట్లాడండి, ఆ డబ్బు దండగ కాదు. తెలియక జరిగిన తప్పును తనంతట తాను దిద్దుకున్న మనిషికీ, తెలిశాక కూడా రెండోసారి అదే 'లేదు' నొక్కిన మనిషికీ చాలా తేడా ఉంది. ఇంతకుముందు వీసా తిరస్కరించారా అన్న ప్రశ్న కూడా ఈసారి వస్తుంది. దానికి అవునని రాయాల్సిందే, వాళ్ల రికార్డులో అది ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు డబ్బు విషయం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పట్టుబడితే ఏమవుతుందన్న టెన్షన్ మీది. పట్టుబడకపోతే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి.

వీసా వచ్చిందనుకుందాం. నెల తిరగ్గానే ఆ 25 లక్షలూ ఎవరివో వాళ్లకు వెళ్లిపోతాయి. యూనివర్సిటీ మీకు పంపిన ఐ-20 అనే అడ్మిషన్ పత్రంలో మొదటి ఏడాది ఖర్చు 33,000 డాలర్లని రాశారు. 28 లక్షల లోనుకు 6 లక్షల డిపాజిట్ కలిపితే అది సరిపోతుంది. అంటే మొదటి ఏడాదికి మీకు ఆ దొంగ బ్యాలెన్స్ అవసరమే లేదు! రెండో ఏడాదికి ఇంచుమించు 20 లక్షలు తక్కువ పడుతుందని మీరే లెక్క వేశారు. ఆ లోటు నిజమైనది. అద్దెకు తెచ్చిన అంకె దాన్ని అధికారి కంటికి కనపడకుండా చేస్తుందేమో గానీ పూడ్చదు. అక్కడికి వెళ్లాక మూడో సెమిస్టర్ ఫీజు కట్టమని మెయిల్ వస్తుంది. అప్పుడేం చేస్తారు? ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు మించి పని చేసే వీల్లేదు, అదీ క్యాంపస్‌లోనే. మొదటి విద్యా సంవత్సరంలో బయట పని చేయనే కూడదు. క్యాంపస్ పని ఖర్చులకు కాస్త ఆదుకుంటుంది, ఫీజుకు చాలదు. ఇక మిగిలేది గ్యాస్ స్టేషన్లోనో స్టోర్లోనో చాటుగా చేసే పని. అది బయటపడితే స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే చట్టబద్ధమైన హోదా, పోతుంది. స్టేటస్ పోతే చదువు పోతుంది, ఇల్లు తాకట్టులోనే ఉంటుంది, లోను వాయిదాలు నాన్నగారి పెన్షన్ మీద పడతాయి. 'అందరూ ఇలాగే వెళ్తున్నారు' అని నాన్నగారు చూస్తున్నది ఎయిర్‌పోర్టు దాకా. ఆ తర్వాత ఏడాది వాళ్లెలా బతుకుతున్నారో తల్లిదండ్రులకు ఫోన్లో చెప్పేవాళ్లు తక్కువ.

అందుకే వీసా అధికారి అడిగే డబ్బు ప్రశ్నను మీరు కూడా మీ కోసం అడిగి చూడండి. రెండో ఏడాదికి ఎక్కడి నుంచి తెస్తాను? దీనికి మీ దగ్గర ఒక జవాబుంది, మీ బాబాయి. కన్సల్టెన్సీ దాచమంటున్న మనిషే మీకున్న ఒకే ఒక్క నిజమైన ఆధారం. ఆయన రాతపూర్వకంగా స్పాన్సర్‌షిప్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం కాగితాలు ఇవ్వగలరా అని అడగండి. అమెరికాలో ఉన్న బంధువు స్పాన్సర్ అయితే ప్రశ్నలు ఎక్కువ వస్తాయని కన్సల్టెన్సీలు అంటాయి. రావచ్చు, కానీ నిజమైన జవాబున్న ప్రశ్నకు భయపడనక్కర్లేదు. ఒకవేళ బాబాయి 'నోటితో అన్నాను గానీ కాగితం మీద ఇవ్వలేను' అంటే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకే మంచిది.

ఇంటర్వ్యూ ఎందుకు పోయిందన్నది మీ ఉత్తరంలోనే ఉంది. మెకానికల్ నుంచి డేటా వైపు ఎందుకన్న ప్రశ్నకు, 'డేటా అనలిటిక్స్ ఈజ్ ఎ బూమింగ్ ఫీల్డ్' అని చెప్పానన్నారు. ఆ అధికారి ఆ ఉదయం అదే వాక్యాన్ని ఎన్నిసార్లు విని ఉంటారో ఊహించుకోండి. అదే ఉత్తరంలో రెండు పేజీల తర్వాత, అసలు విషయంతో సంబంధం లేదన్నట్టు ఒక మాట రాశారు: ఫైనలియర్ ప్రాజెక్టులో లేత్ మెషీన్ మీద టూల్ ఎప్పుడు అరిగిపోతుందో కనిపెట్టడానికి వైబ్రేషన్ రీడింగులు తీసి ఎక్సెల్‌లో ఎక్కించానని, టూల్ విరిగే ముందు అంకెలు ఎలా ఎగబాకుతాయో గ్రాఫులో కనపడినప్పుడు ఒళ్లు ఝల్లుమందని, డిపోలో నాన్న చెవితో విని కనిపెట్టే పనిని అంకెలతో చేయొచ్చని అనిపించిందని. అమ్మా, అదే మీ జవాబు! మీకు తప్ప ఇంకెవరికీ లేని జవాబు అది. దాన్ని మూడు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో, మీకు వచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పండి. మీ యాస గురించి కంగారు పడకండి. తిరిగి వచ్చాక ఏం చేస్తారని అడిగినా ఇక్కడి నుంచే జవాబు వస్తుంది: ఫ్యాక్టరీల్లో, డిపోల్లో యంత్రాలు ఆగిపోకముందే కనిపెట్టే పని.

యూనివర్సిటీ ఎందుకన్న ప్రశ్నకు మాత్రం మీ దగ్గర నిజమైన జవాబు లేదు, ఎందుకంటే అది మీరు ఎంచుకున్నది కాదు. విద్యార్థిని చేర్పిస్తే కన్సల్టెన్సీలకు కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలు ఉంటాయి, మీ కన్సల్టెన్సీ సర్వీస్ ఫ్రీ అన్నదని కూడా రాశారు. ఒక రోజంతా కూర్చుని ఆ కోర్సు సిలబస్ చదవండి. మెషీన్ల డేటా, సెన్సర్ల డేటా మీద సబ్జెక్టులున్నాయా, ఆ పని చేసే ప్రొఫెసర్ ఎవరైనా ఉన్నారా చూడండి. లేకపోతే ఆ యూనివర్సిటీకి వెళ్లడమే దండగ, వీసా ప్రశ్న తర్వాత. విదేశీ విద్యార్థులను చేర్చుకోవచ్చని అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు జాబితాలో పేరుంది కదా అని కూడా నిశ్చింతగా ఉండొద్దు. 2011లో వీసా మోసం కేసులో మూతపడ్డ ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వ్యవహారంలో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా అధికారులే నిఘా కోసం పెట్టారు, ప్రభుత్వ జాబితాలో దాని పేరుంది గానీ అక్కడ క్లాసులే జరగలేదు. అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడండి, కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లతో కాదు.

మీ ముందున్న దారులు ఇవి.

ఈ ఆగస్టుకే మళ్లీ ప్రయత్నించొచ్చు. దరఖాస్తు ఫీజు 185 డాలర్లు మళ్లీ కట్టాలి. విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం కట్టించుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం, మొదటి తిరస్కరణ నుంచి 12 నెలల్లోపు అదే రకం వీసాకైతే మళ్లీ కట్టక్కర్లేదు. ఇందులో చిక్కు టైమే. సీజన్లో స్లాట్లు దొరకడం కష్టం. బాబాయి కాగితాలు రాకుండా, సిలబస్ చదవకుండా, హడావిడిగా వెళ్తే పాత ఇంటర్వ్యూయే మళ్లీ జరుగుతుంది. రెండో తిరస్కరణ కూడా ఎక్కితే మూడోసారి ఇంకా బరువవుతుంది. పది పదిహేను రోజుల్లో అన్నీ సిద్ధం చేసుకోగలననిపిస్తేనే ఇటు వెళ్లండి.

అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టర్‌కో వచ్చే ఏడాదికో వాయిదా వేయమని యూనివర్సిటీని అడగొచ్చు. చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొత్త తేదీలతో ఐ-20 పంపుతాయి. కట్టిన డిపాజిట్, ఏదైనా స్కాలర్‌షిప్ ఉంటే అది అలాగే ఉంటాయా అని రాతలో అడగండి. లోను సాధారణంగా శాంక్షన్ అయినంత మాత్రాన వడ్డీ పడదు, డబ్బు విడుదలయ్యాకే మొదలవుతుంది. శాంక్షన్ ఎన్నాళ్లు చెల్లుతుందో, రెన్యువల్ ఛార్జీలు ఎంతో బ్యాంకు మేనేజర్‌ని అడిగి తెలుసుకోండి. ఈ గ్యాప్‌లో మీ లైన్‌లోనే చిన్న ఉద్యోగమైనా సరే చేరితే, దొంగ లెటర్ అవసరం లేని ఎక్స్‌పీరియన్స్ వస్తుంది, రెండో ఏడాది లోటులో కొంత తగ్గుతుంది. నష్టమేమిటంటే చుట్టాల ప్రశ్నలు ఇంకో ఏడాది భరించాలి. మీ పరిస్థితి చదివాక నా మొగ్గు ఇటే ఉంది, కానీ ఆ భారం మోసేది మీరు కాబట్టి తేల్చుకోవాల్సింది మీరే.

ఇంకో దేశం వైపు చూడొచ్చు. మెకానికల్ వాళ్లకు జర్మనీ ఉంది. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాల వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఖర్చులకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలని 2024 సెప్టెంబర్‌లో పెంచారు. మీ 34 లక్షలతో ఇది తూగుతుంది. అయితే మన విద్యార్థులకు, చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, అది చేతికి రావడానికి టైం పడుతుంది. బీటెక్‌లో చదివిన సబ్జెక్టులకూ ఎంఎస్‌కూ పొంతన బాగా చూస్తారు, కాబట్టి డేటా కోర్సు కంటే మెకానికల్‌లోనే సెన్సర్లు, మెయింటెనెన్స్ వైపు వెళ్లడం మేలు. భాష కూడా నేర్చుకోవాలి. ఆగస్టు అయితే కుదరదు. బ్రిటన్, కెనడా అనుకుంటే, వేరే దేశం వీసా నిరాకరించిందా అని ఆ ఫారాల్లో అడుగుతారు, దాచొద్దు. ఆ దేశాలకూ అమెరికాకూ మధ్య వేలిముద్రల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంది.

కన్సల్టెన్సీ దారి కూడా మీ ముందున్నదే, లేదని నేననను. దాని ఖర్చు లక్షా పాతికవేలు కాదని మాత్రం ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు తప్పొప్పుల మీద వాదన పెట్టుకోకండి. ఆయన కూతురి ఏడాది వృథా అవుతోందని బాధపడుతున్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఒక తెల్లకాగితం మీద రెండో ఏడాది ఫీజు, నెలవారీ ఖర్చు, చేతిలో ఉన్న డబ్బు రాసి ఆయన ముందు పెట్టండి. ఆ 25 లక్షలు ఏ వరసలో రాయాలో ఆయన్నే అడగండి. డిపోలో జీవితమంతా స్పేర్ పార్టుల లెక్కలు చూసిన మనిషి, ఈ లెక్క ఆయనకు వెంటనే తెలుస్తుంది. పెదనాన్న కొడుకుతో పోలిక తెస్తే ఆ మాట అక్కడితో వదిలేయండి, అతని లెక్క మీకు తెలియదు.

ఈసారి ఫారం మీరే నింపండి, మీ సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరుతో. అప్లికేషన్ ఐడీ, సెక్యూరిటీ ప్రశ్నకు జవాబు మీ దగ్గరే రాసిపెట్టుకోండి, అవి లేకపోతే రేపు మీ ఫారం మీరే తెరవలేరు. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ అందులో రాయాలి, 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు వాటిని పబ్లిక్‌లో ఉంచాలన్న నిబంధన కూడా ఉంది.

మీ పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీ దగ్గరే ఉన్నాయని ఉత్తరం చివర్లో రాశారు. రేపే నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి, లోను పనికి బ్యాంకులో అవసరం పడొచ్చని చెప్పి వాటిని తెచ్చేసుకోండి. నిజంగానే లోను రెన్యువల్‌కు బ్యాంకు వాటిని అడగొచ్చు కాబట్టి అదీ అబద్ధం కాదు. ఆ మూడు సలహాలూ వద్దన్న మాట అవి ఇంటికి చేరాకే చెప్పండి.